విత్తనం అడిగి కొందాం!

వంకాయను చూసి అనుమానపడతాం. నూనె డబ్బాను మాత్రం నిశ్చింతగా ఇంటికి తెచ్చుకుంటాం. జన్యుమార్పిడి తిండి మన వంటింట్లోకి అసలు ఏ దారిన వస్తోంది? అది వద్దనుకునేవారికి పెరడు, మిద్దె, రైతుబజారు, గానుగ ఎంతవరకు అక్కరకొస్తాయి?

కూరగాయల బండి దగ్గర ఈమధ్య తరచూ ఒక మాట వినబడుతోంది. టమాటా గట్టిగా ఉండి వారమైనా మెత్తబడకపోతే 'ఇది జీఎం', అంటే జన్యుమార్పిడి సరుకు అంటారు. పుచ్చకాయలో గింజల్లేకపోతే 'ఇదీ జీఎమ్మే'. జామకాయ అరకిలో తూగిందంటే ఇక చెప్పనే అక్కర్లేదు. నిజానికి ఆ మూడింట్లో ఒక్కటీ జీఎం కాదు. మన దేశంలో రైతుల పొలాల్లో చట్టబద్ధంగా పండుతున్న జన్యుమార్పిడి పంట ఒక్కటే, పత్తి. వంకాయకీ బెండకాయకీ, వరికీ కందికీ, వేరుశనగకీ మిరపకీ వేటికీ అనుమతి ఉన్న జీఎం రకాలు సాగులో లేవు.

అయితే ఇక బెంగ లేదా? ఉంది. పత్తి కథ బట్టతో ముగిసిపోదు. దూది తీశాక మిగిలిన గింజను ఆడిస్తే నూనె వస్తుంది, చెక్క వస్తుంది. నూనె మనుషులకు, చెక్క పశువులకు. దేశంలో పత్తి సాగయ్యే భూమిలో 90 శాతానికి పైగా బీటీ అనే జీఎం రకాలే. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు, కర్నూలు పత్తి చేలన్నీ దాదాపు అవే. అంటే తెలుగు నేల మీద మనకు అన్నిటికన్నా దగ్గర్లో పండుతున్న జీఎం ఆ గింజలోనే ఉంది.

'ఊరి పంట తింటే చాలు, జీఎం బెడద ఉండదు' అనే సలహాకు ఇక్కడే చిన్న సవరణ కావాలి. పంట ఎంత దూరం నుంచి వచ్చిందన్నది రెండో సంగతి. అది ఏ విత్తనం, ఆ విత్తనం ఎవరి చేతిలో ఉంది అన్నది మొదటి సంగతి. దగ్గర్లో కొనడం వల్ల కలిగే అసలు లాభం ఈ ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి ఎదురుగా ఉండటమే.

ఏది జీఎం? ఏది కాదు?

మూడు రకాల విత్తనాల్ని ఒకే గాటన కట్టేయడం వల్లే సగం గందరగోళం.

నాటు విత్తనం రైతులు తరతరాలుగా ఏరి దాచుకుంటూ వచ్చింది. ఈ ఏడు కాయలోంచి గింజ తీసి వచ్చే ఏడు వేస్తే దాదాపు అదే మొక్క వస్తుంది. హైబ్రిడ్ విత్తనం రెండు వేర్వేరు రకాలను సంకరపరిచి తీసింది. దిగుబడి బాగుంటుంది, కాయలన్నీ ఒకే తీరున ఉంటాయి. కానీ గింజ దాచి వేస్తే రెండో తరానికే గుణాలు చెదిరిపోతాయి. కాబట్టి ఏటా కొనాల్సిందే. బజారులో కనబడే టమాటా, బెండ, కాకర చాలావరకు హైబ్రిడ్లే. గింజల్లేని పుచ్చ కూడా సంకరమే, కాకపోతే క్రోమోజోముల లెక్క మార్చి చేసిన సంకరం.

జీఎం దారి వేరు. ఇందులో సాధారణంగా మరో జీవి జన్యువును ప్రయోగశాలలో మొక్కలోకి చొప్పిస్తారు. నేలలో ఉండే బాసిల్లస్ తురింజెన్సిస్ అనే బ్యాక్టీరియా కాయతొలుచు పురుగులకు విషమయ్యే ఒక ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. దానికి కారణమైన జన్యువును పత్తిలో పెట్టారు. ఆ బ్యాక్టీరియా పేరులోని పొడి అక్షరాలే 'బీటీ'. హైబ్రిడ్‌ను కూడా వద్దనుకునేవారు ఉండొచ్చు. అయితే ఆ కారణాలు వేరు, ఈ కారణాలు వేరు. రెంటినీ కలిపేస్తే అవసరం లేని చోట భయపడతాం, అడగాల్సిన చోట అడగం.

వరంగల్ చూసిన మూడు పంటకాలాలు

జన్యుమార్పిడి పంటల్ని పరిశీలించే కేంద్ర సంఘం జీఈఏసీ 2002 మార్చిలో మూడు బీటీ పత్తి హైబ్రిడ్లకు అనుమతి ఇచ్చింది. మెక్-12, మెక్-162, మెక్-184 వాటి పేర్లు. ఆ వానాకాలమే వరంగల్ రైతులు కొందరు మెక్-162 వేశారు. కాయ చిన్నది, పింజ పొట్టిది, మార్కెట్లో ధర తక్కువ పలికింది. దానికి వర్షాభావం తోడైంది. చాలామందికి పెట్టుబడి కూడా తిరిగి రాలేదు. అలా మూడు పంటకాలాలు సాగిన కష్టాన్ని జహీరాబాద్ ప్రాంతపు పల్లె మహిళలు కెమెరా పట్టుకుని చేలకు వెళ్లి చిత్రీకరించారు. 2005లో ఆ మూడు రకాల అనుమతిని అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పొడిగించడానికి జీఈఏసీ ఒప్పుకోలేదు.

తరువాత ధర పేచీ వచ్చింది. 450 గ్రాముల బీటీ విత్తన ప్యాకెట్ 1,600 రూపాయలకు పైగా పలుకుతుంటే, అందులో పెద్ద వాటా జన్యువుకు రాయల్టీగా పోతోందని రాష్ట్ర ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లింది. చివరకు ప్యాకెట్ 750 రూపాయలకు దిగింది. విత్తనం ఒకరి గుప్పిట్లోకి పోతే రైతుకు ఏమవుతుందో దేశానికి మొదట తెలియజెప్పిన వివాదాల్లో ఇదొకటి.

బీటీకి దక్కాల్సిన న్యాయం కూడా చెప్పాలి. మరిన్ని మంచి హైబ్రిడ్లలోకి ఆ జన్యువు వచ్చాక శనగపచ్చ పురుగు ఉద్ధృతి తగ్గింది. మొదటి కొన్నేళ్లు మందు పిచికారీ ఖర్చూ తగ్గింది. రైతులు ఊరికే దాని వెంట పోలేదు. కానీ గులాబీ రంగు పురుగు నెమ్మదిగా ఆ విషానికి అలవాటు పడింది. రెండు జన్యువులు పెట్టిన రెండో తరం బీటీ కూడా దాని ముందు నిలవలేదు. మళ్లీ మందు డబ్బాలు చేలకు వచ్చాయి. ఈలోగా బీటీ కాని పత్తి విత్తనం దుకాణాల్లో దాదాపు కనబడకుండా పోయింది. 'నాకు వద్దు' అనుకున్న రైతుకు వేసుకోవడానికి వేరే విత్తనం దొరకని స్థితి అది. తిండి పంటల విషయంలో భయపడాల్సింది దీని గురించే.

వంకాయ దగ్గర ఆగింది

2009 అక్టోబరులో జీఈఏసీ బీటీ వంకాయకు పచ్చజెండా ఊపింది. మొవ్వను, కాయను తొలిచే పురుగును తట్టుకునేలా చేసిన వంగ అది. దేశమంతా గగ్గోలు పుట్టింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు జరిపారు. రైతులు, శాస్త్రవేత్తలు, వైద్యులు, విత్తన కంపెనీల వాళ్లు అందరూ వచ్చి వాదించారు. 2010 ఫిబ్రవరి 9న ఆయన మారటోరియం ప్రకటించారు. అది నేటికీ తొలగలేదు.

వంగకు పుట్టినిళ్లలో మన దేశం ఒకటి. గుత్తి వంకాయ, నీటి వంకాయ, ముళ్ల వంకాయ, తెల్ల వంకాయ, చారల వంకాయ అంటూ ఊరికో రకం. తేనెటీగలు ఒక చేని పుప్పొడిని మరో చేనికి చేరవేస్తే ఈ రకాల గతేమిటన్నది ఆనాడు గట్టిగా వినిపించిన వాదన. పరీక్షలు కంపెనీ చేయించినవి కాకుండా స్వతంత్రంగా జరగాలన్నది రెండో వాదన. హైదరాబాద్ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవ ఆ రెండో మాటను చివరిదాకా పట్టుబట్టి చెప్పారు. జన్యువుల శాస్త్రాన్ని ఈ నగరంలో నిలబెట్టిన మనిషే, సుప్రీంకోర్టు తరఫున జీఈఏసీ సమావేశాల్లో కూర్చుని, తగినన్ని పరీక్షలు జరగలేదని అన్నారు. కాబట్టి ఇది సైన్సుకు, మూఢనమ్మకానికి మధ్య తగాదా అనుకోవడం తప్పు.

జీఎం ఆవాల కథ ఇంకా నడుస్తోంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం తయారుచేసిన డీఎంహెచ్-11కు 2022 అక్టోబరులో జీఈఏసీ సిఫారసు దొరికింది. 2024 జులై 23న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. ఆవనూనె మనం పెద్దగా వాడం గానీ, ఆవాలు లేని పోపు తెలుగింట్లో ఉందా?

దొడ్డిదారులు

వీధి గుమ్మంలో వంకాయను ఆపాం. దొడ్డిదారులు మాత్రం తెరిచే ఉన్నాయి.

మొదటిది నూనె. దేశానికి కావలసిన వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే వస్తుంది. అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి వచ్చే సోయానూనెకు మూలం అక్కడి జీఎం సోయాయే. దాని దిగుమతికి అనుమతి ఉంది. ఇక్కడి పత్తిగింజల నూనె వనస్పతిలోకి, మిశ్రమ నూనెల్లోకి, మిఠాయి దుకాణాల బాణళ్లలోకి వెళుతుంది. బాగా శుద్ధి చేసిన నూనెలో ప్రొటీన్ గానీ, జన్యుపదార్థం గానీ దాదాపు మిగలవు. అయితే జీఎం పంటను ప్రోత్సహించకూడదు అనుకునేవారికి ఆ నూనె ఎక్కడినుంచి వచ్చిందో తెలియడం ముఖ్యమే.

రెండోది ప్యాకెట్. విదేశాల నుంచి వచ్చే మొక్కజొన్న, సోయా, కనోలా చేరిన చిరుతిళ్లు, సిరప్‌లు, పిల్లల ఆహారాలు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2018లో 65 ఆహార ఉత్పత్తుల్ని పరీక్షిస్తే 32 శాతంలో జీఎం జాడలు కనబడ్డాయి. వాటిలో ఎక్కువ దిగుమతి సరుకే. దేశీయంగా తయారై దొరికిపోయినవి పత్తిగింజల నూనెలు. ప్యాకెట్ మీద 'జీఎం' అని రాయాలన్న నిబంధన 2013 జనవరి నుంచి ఉంది. ఆ అక్షరాలున్న ప్యాకెట్‌ను మీరు ఎప్పుడైనా చూశారా? దిగుమతయ్యే 24 పంటలకు జీఎం కాదన్న ధ్రువపత్రం ఉండాలని ఆహార భద్రత ప్రాధికార సంస్థ 2021 నుంచి పట్టుబడుతోంది. అందులోనూ ఒక శాతం దాకా కలిసినా చూసీచూడనట్టు వదిలే వెసులుబాటు ఉంది.

మూడోది దాణా. కోళ్ల మేత ధర మండిపోయిన 2021లో కేంద్రం 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్క దిగుమతికి తలుపు తీసింది. పాడి పశువులకు పత్తి చెక్క పెట్టడం మన ఊళ్లలో మామూలే. అలాంటి మేత మేసినంత మాత్రాన పాలు, గుడ్లు జీఎం అయిపోవని పరీక్షలు చెబుతున్నాయి. ఎంత జాగ్రత్తగా ఉన్నా పంట గొలుసులో ఎక్కడో ఒకచోట అది ఉంటుందని గ్రహించడానికి ఇది చాలు.

నాలుగోది దొంగ విత్తనం. కలుపుమందును తట్టుకునే హెచ్‌టీబీటీ పత్తికి అనుమతి లేదు. అయినా ఏటా తొలకరి ముందు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అధికారులు దాని ప్యాకెట్లు పట్టుకుంటూనే ఉన్నారు. 2019లో హరియాణాలో ఒక వంగ తోటలో బీటీ మొక్కలు దొరికాయి.

తింటే ప్రమాదమా?

ఈ ప్రశ్నను దాటవేయకూడదు. అనుమతి పొందిన జీఎం ఆహారం మామూలు ఆహారం కన్నా మనిషి ఆరోగ్యానికి ఎక్కువ ప్రమాదమని ఆధారాలు దొరకలేదని అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 2016లో సుదీర్ఘ నివేదిక ఇచ్చాయి. ప్రపంచంలోని పెద్ద శాస్త్ర సంస్థల్లో చాలావాటి మాట ఇదే. 'జీఎం తింటే క్యాన్సర్' అని వాట్సాప్‌లో తిరిగే మాటకు బలం లేదు.

అయితే వద్దనుకోవడానికి జబ్బు భయమొక్కటే కారణం కానక్కర్లేదు. విత్తనం మీద రైతుకు హక్కు ఉండాలి. ఊరికో రకం బతకాలి. తినేవాడికి తెలిసి తినే వీలుండాలి. ఈ మూడూ కావాలనుకునేవారికి భయపెట్టే కథలు అక్కర్లేదు. కావలసింది వేరే దారి. అది హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

జహీరాబాద్ దారి

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ చుట్టుపక్కల నేలలు పలచన. వాన మీదే బతుకు. 1983లో పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైనప్పుడు అక్కడి దళిత మహిళల్లో చాలామందికి ఉన్నది ఎకరా, రెండెకరాల బీడే. పీవీ సతీష్, ఆయన సహచరులు ఊరూరా సంఘాలు కట్టించారు. ఏ పంట వేయాలో, ఏ విత్తనం దాచాలో సంఘం మహిళలే తేల్చుకున్నారు.

వాళ్ల చేను చూస్తే పట్నపు కళ్లకు కలగాపులగంగా కనబడుతుంది. పచ్చజొన్న, కొర్ర, సామ, సజ్జ, కంది, పెసర, అనుములు, అలసంద, పుంటికూర అన్నీ ఒకే చేలో. పదిహేను, ఇరవై రకాలు కలిసి ఉంటాయి. ఒక పంటను వాన ముంచితే మరొకటి నిలుస్తుంది. పప్పుజాతి మొక్కలు నేలకు నత్రజని ఇస్తాయి. చలికాలంలో మంచు పదునుతోనే పండే పైర్లను వాళ్లు 'సత్యం పంటలు' అంటారు. ఎవరూ విత్తకుండానే చేలో మొలిచే ఆకుకూరలు వాళ్ల కూర కుండకు అదనం.

విత్తనాలే అసలు ఆస్తి. వెన్ను నిండుగా ఉన్న మొక్కను కోతకు ముందే చేలో గుర్తు పెట్టుకుంటారు. గింజను ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, పేడతో అలికిన బుట్టల్లో మూతికి మట్టి మెత్తి దాస్తారు. విత్తనం లేని ఇంటికి సంఘం బుట్టలోంచి ఇస్తారు. పంట వచ్చాక ఆ ఇల్లాలు తీసుకున్నదానికన్నా ఎక్కువ కొలిచి తిరిగి పోస్తుంది. డబ్బు ప్రసక్తి లేదు. సంక్రాంతికి మొదలుపెట్టి నెలరోజుల పాటు ఊరూరా సాగే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద ఊరేగేది ఈ గింజలే.

1990ల నడుమ వాళ్లు ఇంకో అడుగు వేశారు. బీళ్లు సాగులోకి తెచ్చుకునే రైతులకు పెట్టుబడి ఇచ్చి, దానికి బదులు జొన్నలు తీసుకుని, ఊళ్లోనే నిల్వ చేసి పేద కుటుంబాలకు చౌకగా అమ్మారు. రేషన్ బియ్యం ఎక్కడినుంచో లారీలో రావడం కాక, ఊరి చేను ఊరి ఆకలి తీర్చే పద్ధతి అది. 2008లో మాచ్‌నూర్‌లో మొదలైన సంఘం రేడియోను నడుపుతున్నదీ ఈ మహిళలే. 2019లో వాళ్ల కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి దక్కింది. 2023 మార్చిలో సతీష్ కన్నుమూశారు. బుట్టలు మహిళల దగ్గరే ఉన్నాయి.

ఇది ఒక్క జహీరాబాద్ ముచ్చట కాదు. జనగామ జిల్లా ఎనబావి రైతులు దాదాపు ఇరవై ఏళ్ల క్రితమే ఊరంతా రసాయనాలు మానేశారు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం వచ్చింది. ఇలా పండించేవారి సరుకు కొనడానికి ఊళ్లలో అంగళ్లు, నగరాల్లో రైతు ఉత్పత్తిదారుల సంఘాల దుకాణాలు ఉన్నాయి.

మిద్దె మీద విత్తన పెట్టె

పొలం లేనివాళ్లకు మిద్దె ఉంది. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివారు ప్రచారంలోకి తెచ్చిన మిద్దెతోట ఇవాళ తెలుగు పట్టణాల్లో చాలా ఇళ్ల మీద పచ్చగా కనబడుతోంది. ఇంటి తిండంతా మిద్దె మీద పండదు. ఆకుకూరలు, చిక్కుడు, వంగ, బెండ, సొర చాలావరకు పండుతాయి. అంతకన్నా పెద్ద ప్రయోజనం ఒకటుంది. ప్రతి మిద్దె ఒక చిన్న విత్తన నిల్వ కాగలదు.

కూరగాయల్లో జీఎం విత్తనం చట్టబద్ధంగా అమ్మకంలో లేదు గనుక ఏ ప్యాకెట్ కొన్నా ఆ భయం దాదాపు లేదు. గింజ దాచుకోవాలంటే మాత్రం నాటు రకమే తెచ్చుకోవాలి. చిక్కుడు, అలసంద, టమాటా ఎక్కువగా తమలో తామే ఫలదీకరణం చెందుతాయి. మొదలుపెట్టేవారికి ఇవి సులువు. చిక్కుడు కాయను తీగ మీదే ఎండనివ్వాలి. టమాటా గుజ్జును రెండు, మూడు రోజులు నీళ్లలో నాననిచ్చి, కడిగి నీడన ఆరబెట్టాలి. వంకాయ పసుపు రంగు తిరిగేదాకా మొక్కకే ఉంచాలి. సొర, బీర, దోసలతోనే చిక్కు. పక్కింటి రకం పుప్పొడిని కీటకాలు తెచ్చి అంటిస్తాయి. కాబట్టి విచ్చబోయే ఆడపువ్వుకు, మగపువ్వుకు ముందే గుడ్డ కట్టి, విచ్చాక పుప్పొడిని చేత్తో అద్ది, ఆడపువ్వుకు మళ్లీ గుడ్డ కట్టాలి. ఎండిన గింజను కాస్త బూడిద కలిపి, పేరు, ఏడాది రాసి గాజు సీసాలో పెడితే సరి.

చట్టం కూడా రైతు పక్షానే ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, ఇతరులతో మార్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు.

సాంబమసూరి అడిగే కొత్త ప్రశ్న

ఇన్నాళ్లూ ప్రశ్న 'జీఎమా, కాదా' అన్నంతవరకే. ఇప్పుడు అది మన అన్నం పళ్లెం దగ్గరికే వచ్చింది, కొత్త రూపంలో. 2025 మే 4న కేంద్రం రెండు జన్యు సవరణ వరి రకాల్ని ప్రకటించింది. ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100, మరో పేరు కమల. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ దాన్ని సాంబమసూరి నుంచి తయారుచేసింది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204యే ఆ సాంబమసూరి. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1. దానికి మూలం మార్టేరు ఇచ్చిన ఎంటీయూ 1010, మన కాటన్‌దొర సన్నాలు. రెండింటి తల్లివేళ్లూ తెలుగు నేలవే!

వీటిలో వేరే జీవి జన్యువు ఉండదు. మొక్కలో ఉన్న జన్యువునే కత్తిరించి సరిచేస్తారు. అందుకే 2022లో కేంద్రం ఇలాంటివాటిని జీఎం పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయించింది. దిగుబడి పెరుగుతుందని, పంటకాలం తగ్గుతుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆ పరిజ్ఞానం మీద పేటెంట్లు ఎవరివి, పరీక్షల వివరాలు జనానికి చూపారా అని రైతు సంఘాలు అడుగుతున్నాయి. రేపు బస్తాలో అది మామూలు సాంబమసూరి పక్కనే కూర్చుంటే కంటితో చూసి తేడా చెప్పలేం. అప్పుడు నమ్మదగింది పండించిన మనిషి మాటే.

సముద్రాల అవతల

అమెరికాలో ఉన్న తెలుగువారి సంగతి వేరు. అక్కడ మొక్కజొన్న, సోయా, కనోలా, చక్కెర దుంప దాదాపుగా జీఎమ్మే. హవాయి బొప్పాయిలో కూడా ఎక్కువ భాగం అదే. 2022 నుంచి అలాంటి ఆహారం 'బయోఇంజినీర్డ్' అని కొనేవారికి తెలపడం తప్పనిసరి చేశారు. బాగా శుద్ధి చేసిన నూనె, చక్కెరల్లో ఆ జన్యుపదార్థం దొరకకపోతే తెలపక్కర్లేదని అప్పట్లో మినహాయించారు. 'ఆర్గానిక్' ముద్ర ఉన్నదాంట్లో జీఎం వాడకూడదన్నది అక్కడా, ఇక్కడా నియమమే. వారాంతపు రైతు సంతలు, పెరట్లో గోంగూర, బచ్చలి, సొరపాదు అక్కడి మనవాళ్లకు ఇప్పటికే అలవాటు. ఒక్క జాగ్రత్త చాలు. ఊరినుంచి గింజలు పొట్లం కట్టుకుని వెళ్లేముందు తెగుళ్లు లేవని చెప్పే ఫైటోశానిటరీ ధ్రువపత్రం కావాలని మరిచిపోవద్దు.

కొనేముందు ఇవి గుర్తుంచుకోండి

• నూనె: పల్లి, నువ్వులు, కుసుమ, పొద్దుతిరుగుడు, కొబ్బరి, తవుడు నూనెలకు జీఎం పంట మూలం లేదు. మీ ఎదుట ఆడించే గానుగ ఉంటే మరీ మంచిది. 'మిశ్రమ నూనె' అని ఉంటే వెనకవైపు చిన్న అక్షరాల్లో ఏమేం కలిపారో చదవండి.

• ప్యాకెట్: దిగుమతి సరుకులో సోయా, మొక్కజొన్న, కనోలా, పత్తిగింజ ఉన్నాయేమో చూడండి. సేంద్రియ సరుకైతే ధ్రువీకరణ ముద్ర చూసుకోండి.

• రైతుబజారు: 1999లో మొదలైన ఈ బజార్లలో రైతే నేరుగా అమ్ముతాడు. 'అన్నా, ఇది నాటుదా, హైబ్రిడా? విత్తనం ఇంటిదా, కొన్నదా?' అని అడగండి. రెండు వారాలు అడిగితే మూడో వారం ఆయనే చెబుతాడు.

• పశువుల పాలు, కోడిగుడ్లు: మేత ఏమిటో తెలుసుకోవాలంటే ఊళ్లో పాడి ఉన్న ఇంటినో, నాటుకోళ్లు పెంచేవారినో ఆశ్రయించాలి. దుకాణంలో ఈ సమాచారం దొరకదు.

• ధర: నాటు రకానికి దిగుబడి తక్కువ. రూపాయి ఎక్కువ అడిగితే దానికి కారణం ఉంది. సేంద్రియం పేరుతో మూడింతలు అడిగితే మాత్రం ఎందుకని నిలదీయండి.

చివరిగా ఒక లెక్క. బుట్టలో విత్తనం ఎంత పదిలంగా ఉన్నా, పండిన జొన్నను కొనేవారు లేకపోతే రైతు మరుసటేడు ఆ విత్తనం జోలికి పోడు. కొన్నేళ్లు వేయకపోతే గింజ మొలకశక్తి పోతుంది. ఆ రకం అంతటితో సరి. వరంగల్‌లో పాత పత్తి విత్తనాలు మాయమైంది ఎవరో నిషేధించడం వల్ల కాదు, అడిగేవారు తగ్గిపోయి. ప్రభుత్వం లేబుల్ నిబంధన అమలు చేయాలని, కొత్త విత్తనాల పరీక్షల వివరాలు బయటపెట్టాలని మనం గట్టిగా అడగాల్సిందే. అది తేలేదాకా పచ్చజొన్నను, ముళ్ల వంకాయను బతికించాల్సింది వాటిని కొనే మనమే. ఈ వారం సంతలో ఒక్క నాటు రకమైనా అడిగి కొనండి. దొరక్కపోతే 'వచ్చే వారం తెస్తావా?' అని అడిగి రండి. అమ్మకం ఉందని తెలిస్తే విత్తనాన్ని వెతికి తెచ్చుకునే తెలివి మన రైతుకుంది.